చాల్లెండి గారు, వాగుడుకాయ చిప్

ఆఫీసులో ఆవిణ్ణి అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఎవరూ లేరు. అందరికీ ఆవిడ చాల్లెండి గారు. మీటింగులో ఎవరైనా రెండో వాక్యం ఎత్తుకోగానే చేతిలో పెన్ను బల్ల మీద అడ్డంగా పెట్టి, తల ఎత్తకుండా, "చాల్లెండి" అంటుంది. అందులో కోపం ఉండదు. గ్లాసు నిండింది, ఇక పోయకండి అని చెప్పినట్టు ఉంటుంది. ప్రొప్రైటరు గారికి కూడా ఆ మాట తప్పలేదు. మొదటిసారి విన్నప్పుడు ఆయన మొహం కందగడ్డలా అయింది. రానురాను చెప్పదలుచుకున్నదంతా మొదటి వాక్యంలోనే కుక్కడం నేర్చుకున్నాడు. అలా కుక్కిన వాక్యాలు మిగతావాళ్ళకి అర్థం కాక, మీటింగు అయ్యాక ఆవిడ దగ్గరికే వచ్చి అడిగి తెలుసుకునేవారు.

మాటల్లో ఈ పొదుపు ఆవిడకి పుట్టింట్లోనే అబ్బింది. ఆరుగురు అక్కచెల్లెళ్ళలో నాలుగోది. ఆ ఇంట్లో ఎవరూ ఎవరి మాటా చివరిదాకా విన్న పాపాన పోలేదు. భోజనాల దగ్గర ఆరు నోళ్ళూ ఒకేసారి తెరుచుకునేవి, తినడానికి కొంత, చెప్పడానికి కొంత. ఉప్పు కావాలంటే "ఉప్పు" అనాలి. "ఆ ఉప్పు కాస్త ఇటు" అని తీరుబడిగా మొదలుపెట్టినవాళ్ళు చప్పగానే తిని లేచేవారు. ఎలక్ట్రానిక్స్ చదువు కూడా అందుకే ఎంచుకుంది. మిగతా చదువుల్లో పరీక్ష జవాబులు పేజీలకి పేజీలు రాయాలట.

మొదటి ఉద్యోగం ఇంటర్‌కమ్ సెట్లు తయారుచేసే కంపెనీలో. అక్కడ రోజంతా "హలో, వినిపిస్తోందా" తప్ప ఇంకో మాట మాట్లాడాల్సిన పని ఉండేది కాదు. ఆవిడ జీవితంలో అవే స్వర్ణయుగం రోజులు. సెల్‌ఫోన్ల దెబ్బకి ఆ కంపెనీ మూతపడి, ఆవిడ వైఫై రౌటర్ల కంపెనీకి మారింది. ఇప్పటికీ అక్కడే.

ఆ కంపెనీ పరుపుల దుకాణం పైన రెండో అంతస్తులో ఉంటుంది. మెట్లెక్కి వచ్చేవాళ్ళ జుట్టులో ఎప్పుడూ కాస్త దూది ఉంటుంది, అది చూసే కొత్తవాడా పాతవాడా అని చెప్పొచ్చు. పాతవాళ్ళు దులుపుకోరు. రౌటర్లు తయారు చేస్తాం అని బోర్డు మీద ఉంది గానీ తయారు అన్నది కొంచెం పెద్దమాటే. చిప్ ఒకచోట నుంచి వస్తుంది, పెట్టె ఒకచోట నుంచి వస్తుంది. రెంటినీ కలిపి స్క్రూలు బిగించి పైన తమ పేరు అంటించడం వీళ్ళ వంతు. కలిపినంత మాత్రాన అవి పలకరించుకోవు. చిప్ భాష చిప్‌ది, పెట్టె భాష పెట్టెది. మధ్యలో దుబాసీ లాంటి ప్రోగ్రాం ఒకటి కావాలి. దాన్నే డ్రైవర్ అంటారు, అది రాయడమే చాల్లెండి గారి పని. "మా కోడలు డ్రైవరు" అని అత్తగారు వీధిలో చెప్పినందుకు పక్కింటాయన ఒకరోజు పొద్దున్నే సూట్‌కేసుతో వచ్చి, రైల్వేస్టేషనుకి దింపమ్మా అని గుమ్మంలో నిలబడ్డాడు.

చిప్ లోపల దానిదే ఇంకో చిన్న ప్రోగ్రాం ఉంటుంది. దాన్ని ఫర్మ్‌వేర్ అంటారు. చిప్ అమ్మినవాళ్ళు దానికి సీలు వేసి పంపిస్తారు. లోపల ఏముందని అడిగితే "మీకెందుకు" అనే అర్థం వచ్చేలా ఎంతో మర్యాదగా జవాబు రాస్తారు. డ్రైవర్ చెయ్యగలిగిందల్లా అడగడం, చెప్పింది వినడం. కొన్ని క్షణాలకోసారి "ఎవరెవరు ఉన్నారు, ఎలా ఉన్నారు" అని అడుగుతుంది. వైఫైకి తగులుకున్న ఒక్కో ఫోను గురించీ చిప్ చెప్పుకొస్తుంది. దీనికి సిగ్నల్ ఎంత, అది ఎంత వాడింది, ఎన్నిసార్లు తడబడింది. అన్నీ ఒక్కసారి చెప్పేంత పెద్ద నోరు దానికి లేదు. ముక్కలు ముక్కలుగా చెప్పి, చివర "అయిపోయింది" అంటుంది. ఆ మాట వచ్చేదాకా డ్రైవర్ విన్నదంతా పెట్టె మెమరీలో దాచి ఉంచి, తర్వాత లిస్టుగా స్క్రీన్ మీద చూపిస్తుంది.

ఇంట్లో కూడా ఇలాంటి ఏర్పాటే ఒకటి ఉంది. అత్తగారు వీధి గుమ్మం పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. వీధిలో ఏం జరిగినా సాయంత్రం కొడుక్కీ కోడలికీ చెప్పాలి. ఆవిడ చెప్పే ఏ కథైనా "నేను గుమ్మంలోనే కూర్చున్నానా..." అని మొదలవుతుంది. దొంగతనమైనా, పక్కవీధి ఆయన మేడ మీదనుంచి పడ్డా ముందు ఆవిడ గుమ్మంలో కూర్చుంటేనే. కథ సగంలో ఉండగా పాలవాడో పక్కింటావిడో లోపలికి తొంగిచూస్తే, వాళ్ళకి మొదలు తెలీదు కదా పాపం అని ఆవిడ మళ్ళీ గుమ్మంలో కూర్చునేది. ముగింపు దాకా వెళ్ళిన కథలు ఆ ఇంట్లో తక్కువ.

చాల్లెండి గారి భర్త బస్‌స్టేషన్లో టైంకీపరు. వచ్చిన బస్సు ఎప్పుడు వచ్చింది, వెళ్ళిన బస్సు ఎప్పుడు వెళ్ళింది, అద్దాల గదిలో కూర్చుని రాస్తాడు. ఆ అలవాటు కొద్దీ తల్లి చెప్పే ప్రతి కథలో ప్రతి విడతా గుర్తుపెట్టుకునేవాడు. మొదటిసారి చెప్పినప్పుడు కొట్టుకున్నది ఇద్దరు కదమ్మా, ఇప్పుడు నలుగురేంటి అని నిలదీసేవాడు. తల్లికి కోపం వచ్చేది, ఈయనకి తలనొప్పి వచ్చేది. చాల్లెండి గారు కూరగాయలు తరుగుతూ "ఊఁ" అంటూ ఉండేది. అత్తగారి దగ్గర ఆవిడ ఎన్నడూ "చాల్లెండి" అన్నది లేదు. ధైర్యం లేక కాదు, అవసరం రాక.

కొత్త చిప్ వచ్చిన ఏడాది ప్రొప్రైటరు గారికి పెద్ద ఆర్డర్ ఒకటి దొరికేలా ఉంది. నగరంలో బస్‌స్టేషన్లన్నింటికీ వైఫై పెట్టెలు. ముందు ఒక స్టేషన్లో నెల రోజులు ట్రయల్. అది టైంకీపరు పనిచేసే స్టేషనే. పెట్టె ఉండాలా, ఊడాలా అన్నది అక్కడి డిపో మేనేజరు తేలుస్తాడు. ప్రొప్రైటరు ఆవిణ్ణి తన గదిలోకి పిలిచి ఒకే వాక్యంలో చెప్పాడు. మేనేజరు సరేనంటే ఆవిడ డ్రైవర్ ఉంటుంది, కాదంటే చిప్ కంపెనీవాళ్ళ రెడీమేడ్ డ్రైవర్ పెట్టేసి ఆవిణ్ణి పెట్టెతో పాటు ఇచ్చే సూచనల కాగితం రాసే పనికి మారుస్తాడు, ఎందుకంటే రెడీమేడ్ దాంట్లో లిస్టూ లేదు, లెక్కలూ లేవు, అది ఏమీ చెప్పదు, ఎవరూ ఏమీ అడగరు, హాయి అన్నాడు.

సూచనల కాగితం అంటే ఏమిటో ఆవిడకి తెలుసు. పెట్టెను నీళ్ళలో ముంచరాదు. పెట్టెను పొయ్యి మీద ఉంచరాదు. చిన్నపిల్లలు పెట్టెను మింగకుండా చూసుకోవలెను. పన్నెండేళ్ళుగా ఒక్కో వరసా రాసి, చెరిపి, మళ్ళీ రాసుకున్న డ్రైవర్ చెత్తబుట్టలోకి పోయి, తను పొయ్యిల గురించి, మింగడాల గురించి రాస్తూ రిటైర్ కావడం. ప్రొప్రైటరు గారి వాక్యం ఒకటే కాబట్టి చాల్లెండి అనే వీలు కూడా లేకపోయింది.

పెట్టెను బస్‌స్టేషన్ హాల్లో గడియారం కింద బిగించారు. దాని లిస్టు మేనేజరు గదిలో ఒక స్క్రీన్ మీద, ఆయన పై అధికారుల ఆఫీసులో ఇంకో స్క్రీన్ మీద కనిపించేలా పెట్టారు. రెండో రోజుకే పెట్టె చచ్చింది. దానంతటదే లేచింది. మళ్ళీ చచ్చింది. హాల్లో జనం ఫోన్లు పైకెత్తి సీలింగుకి చూపించడం మొదలుపెట్టారు.

ఆఫీసులో అయితే అది ఎన్నడూ చావలేదు. చాల్లెండి గారి బల్ల వెనక అల్మారా నిండా పాత ఫోన్లు ఉండేవి. అద్దం పగిలినవి, బటన్లు ఊడినవి, బంధువులు పారెయ్యబోతే అడిగి తెచ్చుకున్నవి. అన్నింటినీ పెట్టెకి తగిలించి వారాల తరబడి చూసింది. బుద్ధిమంతుల్లా అల్మారాలో కూర్చున్నాయి. చిప్ వాటి గురించి చెప్పాల్సింది చెప్పి "అయిపోయింది" అనేది. ఏ లోటూ కనిపించలేదు.

ఆ లోటు ఎక్కడుందో టైంకీపరు భోజనం దగ్గర మాటవరసకి చెప్పాడు. బస్సులు ఒకదాని వెనక ఒకటి వచ్చినప్పుడే పెట్టె పడిపోతోందట. మధ్యాహ్నం బస్సులు లేని వేళ చెక్కుచెదరదట. ఆయనకి వైఫై గురించి ఏమీ తెలీదు, బస్సు ఎప్పుడు వచ్చిందన్నది మాత్రం తెలుసు.

మర్నాడు ఆవిడ ల్యాప్‌టాప్ పట్టుకుని హాల్లో బెంచీ మీద కూర్చుంది. ఒక పక్క నిద్రపోతున్న పెద్దమనిషి, ఇంకో పక్క కోడిపిల్లల బుట్ట. బస్సు ఆగింది, జనం దిగారు, కొత్త ఫోన్లు పెట్టెకి తగులుకున్నాయి. చిప్ ఏం చేస్తోందో అప్పుడు కనిపించింది. లిస్టు చెబుతూ సగంలో ఉండగా కొత్త ఫోను వస్తే, అది మళ్ళీ మొదటికి వెళ్ళి మొత్తం చెప్పడం మొదలుపెడుతోంది. సగానికి వచ్చేసరికి ఇంకొకరు దిగుతున్నారు. మళ్ళీ మొదటి నుంచి. "అయిపోయింది" అన్న మాట రానే రావడం లేదు. డ్రైవర్ మాత్రం బుద్ధిగా విన్నదల్లా దాస్తోంది. ఒకే ఫోను సంగతి పదేసి సార్లు. పెట్టె మెమరీ గొంతుదాకా నిండి, ఊపిరాడక చస్తోంది.

అల్మారాలో ఫోన్లు బస్సు దిగవు. అదీ ఆవిడ చూసుకోని సంగతి.

మెమరీ ఎక్కువ పెట్టిస్తే కొంత నయమే. కానీ మెమరీ తగ్గిస్తే పెట్టె సన్నగా అందంగా ఉంటుందని ప్రొప్రైటరు గారు ఎప్పుడో తేల్చేశారు. ఆవిడ హద్దు పెట్టింది. చిప్ ఒక ఫోను సంగతి ఎత్తిన ప్రతిసారీ ఒకటి లెక్కన ఎనభై దాకా దాచు, ఆపైన చిప్ ఏం చెప్పినా వినకు, వదిలెయ్. వదిలేసినప్పుడల్లా ఆ సంగతి ఒక వరస రాసిపెట్టు. అంటే డ్రైవర్‌కి కూడా చాల్లెండి అనడం నేర్పింది. పెట్టె మళ్ళీ పడలేదు. ప్రొప్రైటరు మెట్ల మీద ఎదురుపడి, జుట్టులో దూదితోనే, బ్రహ్మాండం అన్నాడు. ఒక్క మాట, వాక్యం కూడా కాదు. ఆవిడకి సంతోషమైంది.

ఆ సంతోషం వారం నిలిచింది. డిపో మేనేజరు ప్రొప్రైటరుకి ఫోన్ చేసి, నా బదిలీ సంగతి మీకెవరు చెప్పారు అని అడిగాడు. ఈయనకి అర్థం కాలేదు. ఆయన కేకలేశాడు. ఈయన ఫోను చెవికి దూరంగా పట్టుకుని, రేపే మనిషిని పంపిస్తానన్నాడు. పంపించడానికి చాల్లెండి గారు తప్ప ఎవరున్నారు.

మేనేజరు గదిలో స్క్రీన్ ఆయన కుర్చీకి ఎదురుగా, గోడ మీద ఉంది. ఆయన పొద్దున రాగానే ముందు అందులో తన ఫోను చూసుకునేవాడు. దానికి ఆయన పెట్టిన పేరు మేనేజర్. మొదట్లో అది లిస్టులో ఉండేది. ఇప్పుడు కనిపించడం లేదు. ఫోన్లో వైఫై శుభ్రంగా వస్తోంది, లిస్టులో మాత్రం ఆయన లేడు. ఎక్కడో బస్సుకి పన్నెండు మైళ్ళు నడవాల్సిన డిపోకి తనను పంపిస్తారని ఏడాదిగా పుకారు నడుస్తోంది. దాంతో ఆయనకి నిద్ర పట్టడం లేదు.

"పైవాళ్ళు కాగితం పంపించకముందే మీ పెట్టె నన్ను తీసేసింది" అన్నాడు.

అలాంటిదేం లేదని ఆవిడ చెప్పింది.

"పై ఆఫీసులో కూడా ఇదే స్క్రీన్ చూస్తారమ్మా. లిస్టులో నేను లేకపోతే సీట్లో లేననుకోరూ? ఆ కోడిపిల్లల ఆసామి ఫోను ఉంది చూడండి. వాడు వచ్చి పావుగంట కాలేదు."

ఆవిడ చూసింది. నిజంగానే ఉంది. కొత్తగా వచ్చినవాళ్ళ గురించి చిప్ ముందు చెబుతుందని, పొద్దున్నుంచి కదలకుండా ఉన్నవాళ్ళ వంతు చివర వస్తుందని, ఈలోగా ఎనభై నిండిపోతోందని వివరించింది.

"అంటే సీటు వదలకుండా పనిచేసినందుకు శిక్షా ఇది?"

అద్దాల గదిలోంచి వాళ్ళాయన ఇటే చూస్తున్నాడు. పై అధికారి ముందు నిలబడి మాటలు పడుతున్న ఆవిడ ఎవరో తనకు తెలియనట్టు మొహం పెట్టాడు. ట్రయల్ అయ్యేలోగా లిస్టు సరిగ్గా చూపించకపోతే పెట్టె ఊడబీకిస్తానని మేనేజరు చెప్పి పంపించాడు.

బస్సులో ఇంటికి వస్తూ ఆవిడ ఒక సంగతి తలుచుకుని తనను తాను తిట్టుకుంది. వదిలేసిన సంగతి రాసిపెట్టమని డ్రైవర్‌కి చెప్పింది, అది రాస్తూనే ఉంది. కానీ రాస్తున్నది పెట్టె లోపలి చిట్టాలో. దాన్ని తెరిచి చదివే మనిషి ఈ లోకంలో తను ఒక్కతే. డ్రైవర్లు రాసేవాళ్ళందరూ అంతే. ఊరందరికీ చెప్పాల్సిన మాట తమలో తాము గొణుక్కుని, చెప్పాం కదా అంటారు. మేనేజరు స్క్రీన్ మీద లిస్టు చూస్తే ఎవరికైనా అంతా ఉందనే అనిపిస్తుంది. అందులో లేనివాడు లేనట్టే.

ఇంటికి వచ్చేసరికి అత్తగారు కుర్చీలో సిద్ధంగా ఉంది. ఎదురింటివాళ్ళ నీళ్ళ ట్యాంకు పగిలిందట. "నేను గుమ్మంలోనే కూర్చున్నానా..." అని అందుకుంది. ట్యాంకు పగలబోతుండగా టైంకీపరు వచ్చాడు. ఆవిడ మళ్ళీ గుమ్మంలో కూర్చుంది. పగలబోతుండగా ఇస్త్రీ చేసే అతను బట్టలు తెచ్చాడు. మళ్ళీ గుమ్మం. టైంకీపరు తల పట్టుకుని, ఇందాక ట్యాంకు పక్కన ఉన్నది పిల్లి అన్నావు, ఇప్పుడు కుక్క అంటున్నావేంటి అన్నాడు. తల్లి అలిగి లోపలికి వెళ్ళిపోయింది. ట్యాంకు పగలలేదు.

ఆయన మాత్ర మింగి, వంటింటి గడప మీద కూర్చుని భార్య వైపు చూశాడు. ఆవిడ మేనేజరు మాటలన్నీ చెప్పింది, చిప్ సంగతి కూడా చెప్పింది.

"మా అమ్మ చెప్తుంటే నువ్వేం చేస్తావు?" అన్నాడు.

"వింటాను."

"వినవు. ఆవిడ మళ్ళీ గుమ్మంలో కూర్చోగానే అంతకుముందు విన్నదంతా పారేస్తావు. ఇరవై ఏళ్ళుగా చూస్తున్నా. పారెయ్యలేక నేను మాత్రలు మింగుతున్నాను. నీ పెట్టె కూడా నా బాపతే, పాపం."

ఆవిడ కత్తి పక్కన పెట్టింది. చిప్ కూడా లిస్టు ఎప్పుడు మొదలుపెట్టినా ముందు తన గురించి చెబుతుంది, పెట్టె ఫలానా, దాని సిగ్నల్ ఫలానా అని. తర్వాతే ఫోన్లు. అంటే ఆ మొదటి మాట రెండోసారి వినిపించిందంటే కథ మళ్ళీ మొదలైనట్టే. అప్పటిదాకా దాచినది పారేసి కొత్తగా వినొచ్చు. ఒకే ఫోను పదిసార్లు చోటు తినదు. మేనేజరు వంతు వచ్చేదాకా చోటు మిగులుతుంది.

ఈ ముక్క మొగుడి నోట వినాల్సి వచ్చినందుకు ఆవిడకి ఒళ్ళు మండింది. ఆ సాయంత్రం ఆయనకి కూరలో ఉప్పు వెయ్యలేదు. ఆయన కూడా పాఠం నేర్చినవాడే. "ఉప్పు" అన్నాడు.

రెండు రోజుల్లో డ్రైవర్ మార్చింది. మొదటి మాట మళ్ళీ వినిపిస్తే పాతది పారెయ్. ఎనభై హద్దు అలాగే ఉంచింది. చిప్‌ని నమ్మి తలుపు తీసి పెట్టే ఉద్దేశం ఆవిడకి లేదు, రేపు అది ఇంకే వేషం వేస్తుందో ఎవరికి తెలుసు. హాల్లో నిజంగానే ఎనభైకి మించి ఫోన్లుంటే మిగిలినవి వదలక తప్పదు. కానీ ఈసారి ఆ మాట చిట్టాలో గొణగలేదు. లిస్టు అడుగున, స్క్రీన్ మీదే, అందరికీ కనిపించేలా రాయించింది. "ఇంకా ఉన్నారు. మిగతావాళ్ళను లెక్కలో చేర్చలేకపోయాం."

ఆ సంగతి తెలిసి ప్రొప్రైటరు గారు రెండో వాక్యమే కాదు, మూడోదీ నాలుగోదీ కూడా మాట్లాడాడు. మన చేతకానితనం మనమే బోర్డు కట్టి చూపించుకోవడం ఏమిటన్నాడు. ప్రపంచంలో ఏ పెట్టె అయినా ఇలా చెప్పుకుంటుందా అన్నాడు. అంతకన్నా తేలిక ఉపాయం తనకి తట్టిందన్నాడు. మేనేజరు గారి ఫోను ఎప్పుడూ లిస్టులో అన్నిటికన్నా పైన ఉండేలా చేసేస్తే సరి. బాధ ఆయనొక్కడిదే కదా.

ఆవిడ పెన్ను బల్ల మీద అడ్డంగా పెట్టలేదు. ఈసారి మాట్లాడింది.

"ఆయన లేని రోజున కూడా ఉన్నట్టు చూపిస్తుంది సార్."

"చూపించనీ."

"ఆ వరస తీసేస్తే లిస్టు పూర్తి అనుకుంటారు. అలా అనుకునే కదా ఆయన మీకు ఫోన్ చేసింది."

ప్రొప్రైటరు సీలింగు వైపు చూశాడు. ఆ వరస వల్ల ఆర్డర్ పోతే సూచనల కాగితం మొదటి ముక్క ఈ రోజే రాసిపెట్టుకోమన్నాడు. ఆవిడ తన బల్ల దగ్గరికి వచ్చి నిజంగానే ఒక కాగితం తీసుకుని, "పెట్టెను నీళ్ళలో ముంచరాదు" అని రాసి చూసుకుంది. చేతిరాత బాగానే ఉంది. కాగితాన్ని అల్మారాలో ఒక పాత ఫోను కింద పెట్టింది.

కొత్త డ్రైవర్ ఎక్కించాక మేనేజరు ఫోను లిస్టులోకి తిరిగి వచ్చింది. ఆయన శాంతించాడు. రోజూ పొద్దున చూసుకోవడం, ఉన్నాననుకోవడం, టీ తాగడం. అడుగున రాయించిన వరస ఎవరికీ కనిపించలేదు, ఎనభై దాటితేగా. ట్రయల్ గడువు దగ్గరపడింది. చివరి రోజు మేనేజరు తన మాట చెప్పేస్తాడని, ఆవిడ వెళ్ళి పక్కన నిలబడాలని ప్రొప్రైటరు చెప్పాడు.

ఆ రోజే వాన ముంచెత్తింది. రోడ్డు మీద నీళ్ళు నిలిచి, బయల్దేరాల్సిన బస్సులు బయల్దేరలేదు. రావాల్సినవి మాత్రం వచ్చి వచ్చి ఆగిపోయాయి. చాల్లెండి గారు గొడుగు ఎదురుతిరిగిపోయి, చీర మోకాళ్ళ దాకా తడిసి హాల్లోకి వచ్చేసరికి నిలబడడానికి చోటు లేదు. బెంచీల మీద జనం, బెంచీల వెనక జనం, టిక్కెట్ల కిటికీ దాకా జనం. బస్సులు కదలనప్పుడు జనానికి ఉన్న పని ఒకటే, అందరి చేతుల్లోనూ ఫోన్లు వెలుగుతున్నాయి. ఆవిడ ఒక్కసారి నాలుగు దిక్కులా చూసి, ఎనభై ఎప్పుడో దాటిపోయి ఉంటుందని గ్రహించింది. అద్దాల గదిలో వాళ్ళాయన ఇంకా బయల్దేరని బస్సుల వరసకి ఎదురుగా గీతలు గీస్తున్నాడు. ఆవిణ్ణి చూశాడు. ఈసారి తెలియనట్టు నటించలేదు, తల ఊపాడు.

మేనేజరు గదిలో లైటు ఆగి ఆగి వెలుగుతోంది. ఆయన స్క్రీన్ ముందు నిలబడి ఉన్నాడు. ఆవిడ కూడా వెళ్ళి నిలబడింది. లిస్టు నిండా ఫోన్ల పేర్లు. మేనేజర్ అన్నది లేదు. కింద ఆ వరస ఉంది.

ఆయన దాన్ని ఒకసారి చదివాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివాడు. తర్వాత తలుపు తీసి హాల్లోకి చూశాడు. తడిసిన జనం, గొడుగులు, గోనెసంచులు, ఏడుస్తున్న పిల్లలు, వీటన్నింటి మధ్య ఎక్కడో కోడిపిల్లలు కూడా. ఆయన తలుపు మూసేసి వచ్చాడు.

"మిగతావాళ్ళంటే?"

"హాల్లో ఉన్నారండి. వైఫై వాడుకుంటున్నారు. మా పెట్టెలో వాళ్ళ లెక్కకి చోటు లేదు."

"అయితే నేను మిగతావాళ్ళలో ఉన్నానన్నమాట."

"అవునండి."

"పోలేదుగా?"

"పోలేదండి."

ఆయన కుర్చీలో కూర్చున్నాడు. టీ గ్లాసు ఎత్తి, చల్లారిపోయిందని చూసుకుని కూడా తాగాడు. పై ఆఫీసువాళ్ళు ఈ వరస చూస్తారా అని అడిగాడు. అదే స్క్రీన్ కాబట్టి చూస్తారని ఆవిడ చెప్పింది. ఆయన మొహం కొంచెం తేటపడింది. తమ ఆఫీసు నుంచి పైకి వెళ్ళే ఏ లెక్కలోనూ ఇలాంటి వరస ఎవరూ రాయరని, తను ఇరవై ఏళ్ళుగా రాస్తున్న లెక్కలన్నీ ఎక్కడికక్కడ సరిపోయినట్టే ఉంటాయని, సరిపోయాయో లేదో తనకే తెలీదని అన్నాడు. ఇంకా ఏదో చెప్పబోయాడు. ఆవిడ చేతిలో పెన్ను లేదు, బల్ల ఆయనది. అయినా ఆయనే ఆగిపోయాడు.

"పెట్టె ఉంచండి" అన్నాడు. "ఆ వరస కూడా ఉంచండి."

ఆవిడ బయటికి వచ్చి అద్దాల గది ముందు ఆగింది. టైంకీపరు లోపలినుంచి కనుబొమ్మలు ఎగరేశాడు. ఆవిడ కూడా కనుబొమ్మలు ఎగరేసింది. ఆ ఇంట్లో పెద్ద పెద్ద విషయాలు అలాగే చెప్పుకుంటారు. బస్సులు లేవు కాబట్టి ఇద్దరూ నడిచే వెళ్ళారు, ఎదురుతిరిగిన గొడుగు ఒక్కటే, దాన్ని మార్చి మార్చి పట్టుకుంటూ.

వాన సంగతి అత్తగారు అప్పటికే సగం చెప్పేసింది, పక్కింటావిడకి. వీళ్ళు లోపలికి రావడం చూసి ఆవిడ ఆగి, సర్దుకుని, "నేను గుమ్మంలోనే కూర్చున్నానా..." అంది. టైంకీపరు తడిసిన చొక్కాతోనే గోడకి ఆనుకుని, ఆ రోజు మొదటిసారిగా, ఇందాక ఒకలా చెప్పావేంటని నిలదీయకుండా విన్నాడు.

ప్రొప్రైటరు గారు ఆ వారంలోనే కొత్త అట్టపెట్టెలు అచ్చు వేయించారు. వాటి మీద పెద్ద అక్షరాలతో, లెక్కించలేని వాళ్ళను కూడా గుర్తుంచుకునే ఏకైక రౌటర్ అని ఉంది. అది తన ఆలోచనేనని, ఇలాంటి విశేషం ఇంకెవరి దగ్గరా లేదని, వచ్చే ఏడాది మెమరీ ఇంకా తగ్గించి విశేషాన్ని ఇంకా పెంచవచ్చని ఆయన మీటింగులో వివరించసాగాడు.

ఆవిడ పెన్ను తీసి బల్ల మీద అడ్డంగా పెట్టింది.